"30 రోజుల్లో గూగుల్ ఫస్ట్ పేజీ, గ్యారంటీ!" నమ్మొచ్చా? మీ ఫోన్‌లోనే చెక్ చేసుకోండి

ఈ రోజు టాపిక్ మీ కామెంట్స్ నుంచి వచ్చిందే. చాలామంది దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మాకు ఒక చిన్న బిజినెస్ ఉంది, వెబ్‌సైట్ చేయించుకున్నాం, గూగుల్‌లో వెతికితే ఎక్కడా కనపడట్లేదు. ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి, నెలకి ఇంత కట్టండి, 30 రోజుల్లో ఫస్ట్ పేజీకి తెస్తాం, గ్యారంటీ అంటున్నారు. కట్టొచ్చా?" అని.

ముందు జవాబు చెప్పేస్తాను. గ్యారంటీ అనే మాట వినపడగానే ఫోన్ పెట్టేయండి. ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు. గూగుల్‌లో నంబర్ వన్ ర్యాంక్ ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన హెల్ప్ పేజీల్లోనే రాసి పెట్టింది. డబ్బు తీసుకుని ర్యాంక్ పెంచే పద్ధతి లేదని కూడా రాసింది. రిజల్ట్స్‌లో "స్పాన్సర్డ్" అని కనిపించేవి యాడ్స్. వాటి లెక్క వేరు. డబ్బు ఆపిన రోజు అవి కూడా ఆగిపోతాయి.

సరే, ఫోన్ పెట్టేశాం. కానీ సైట్ మాత్రం ఇంకా కనపడట్లేదు కదా? అందుకే ఈ ఎపిసోడ్. పైసా ఖర్చు లేకుండా, మీ ఫోన్‌తోనే, ప్రాబ్లం ఎక్కడుందో పట్టుకోవడం ఎలాగో చూద్దాం. ఆ తర్వాత కూడా ఎవరికైనా పని అప్పగించాలనుకుంటే ఏం అడగాలో, ఏం ఇవ్వకూడదో చివర్లో చెప్తాను. ఆ పార్ట్ మాత్రం అస్సలు మిస్ అవ్వొద్దు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మీ మేనమామకి ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు ఉందనుకోండి. కోనసీమ జిల్లా ఆత్రేయపురం, 2023లో జీఐ ట్యాగ్ వచ్చిన పూతరేకులు. హైదరాబాద్‌కి, బెంగళూరుకి కొరియర్‌లో పంపుతాడు. ఎవరితోనో సైట్ చేయించాడు. ఆర్డర్లు రావట్లేదు. "బీటెక్ చదివావు కదరా అల్లుడూ, మన సైట్ గూగుల్‌లో ఎందుకు రావట్లేదో కాస్త చూడు" అన్నాడు. మీరు మెకానికల్ అయినా సరే, చూడాల్సిందే. తప్పదు.

ముందు గూగుల్ పని చేసే పద్ధతి తెలియాలి. మూడే స్టెప్పులు. ఒకటి, క్రాలింగ్. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి తిరుగుతుంది. రెండు, ఇండెక్సింగ్. చూసిన పేజీలో ఏముందో అర్థం చేసుకుని తన లైబ్రరీలో పెట్టుకుంటుంది. మూడు, ర్యాంకింగ్. ఎవరైనా వెతికినప్పుడు ఆ లైబ్రరీలోంచి పనికొచ్చేవి ఏరి వరుసలో పెట్టి చూపిస్తుంది. ఇక్కడ కిటుకు ఏంటంటే, ఏజెన్సీలు మాట్లాడేదంతా మూడో స్టెప్ గురించే. కానీ చిన్న సైట్లకి దెబ్బ పడేది చాలాసార్లు మొదటి రెండు స్టెప్పుల్లోనే. లైబ్రరీలో లేని పుస్తకానికి ఏ అరలో చోటు ఇస్తారండీ?

కాబట్టి ఫస్ట్ టెస్ట్. గూగుల్ సెర్చ్ బాక్స్‌లో ఇంగ్లీషులో సైట్ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, స్పేస్ ఇవ్వకుండా మామయ్య వెబ్‌సైట్ అడ్రస్ కొట్టండి. గూగుల్ దగ్గర ఉన్న ఆ సైట్ పేజీలు కొన్ని వస్తాయి. ఏమీ రాలేదంటే గూగుల్ ఆ సైట్‌ని లోపలికే తీసుకోలేదని అనుమానించాలి. అప్పుడు కీవర్డులు, బ్యాక్‌లింకులు అంటూ ఎంత ఖర్చు పెట్టినా వేస్టే.

ఎందుకు తీసుకోలేదు? తరచుగా దొరికే కారణం ఒకటి చెప్తాను. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీడింగ్ అనేది నొక్కితే ఒక చిన్న టిక్ బాక్స్ ఉంటుంది. సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయకుండా చూడు అని దాని అర్థం. సైట్ తయారవుతున్నప్పుడు డెవలపర్ ఆ టిక్ పెడతాడు. అది మంచి పనే, సగం కట్టిన ఇంటికి చుట్టాల్ని పిలవం కదా. కానీ సైట్ లైవ్ అయ్యాక ఆ టిక్ తీయడం మర్చిపోతారు. అంతే సంగతి. "మా ఇంటికి రావద్దు" అని గుమ్మానికి బోర్డు పెట్టి, చుట్టాలు రావట్లేదని బాధపడటం లాంటిదే.

రెండో పని, గూగుల్ సెర్చ్ కన్సోల్. ఇది ఫ్రీ. ఫోన్ బ్రౌజర్‌లోనే ఓపెన్ అవుతుంది. సైట్ మీదేనని ఒకసారి నిరూపించుకోవాలి, దాన్ని వెరిఫికేషన్ అంటారు. తర్వాత యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ అనే చోట ఏ పేజీ అడ్రస్ ఇచ్చినా, అది ఇండెక్స్‌లో ఉందా, లేకపోతే ఎందుకు లేదు అన్నది గూగులే చెప్తుంది. ఇండెక్స్ చేయమని రిక్వెస్ట్ కూడా అక్కడి నుంచే పెట్టొచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ లాంటిది ఇది. రిపోర్ట్ చూడకుండా మందు రాసేవాణ్ని నమ్మం కదా, సెర్చ్ కన్సోల్ చూడకుండా ప్యాకేజీ అమ్మేవాణ్ని కూడా నమ్మకండి.

ఓకే, సైట్ ఇండెక్స్‌లో ఉందనుకుందాం. తర్వాతి ప్రశ్న, గూగుల్‌కి ఆ పేజీలో చదవడానికి ఏమైనా ఉందా? మామయ్య సైట్ తెరవండి. పైన పెద్ద బ్యానర్. నెయ్యి, బెల్లం, డ్రైఫ్రూట్స్ అని అందమైన అక్షరాలు, రేట్లు, ఫోన్ నంబర్, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఆ అక్షరాల మీద వేలు పెట్టి నొక్కి పట్టుకోండి. కాపీ చేయడానికి సెలెక్ట్ అవుతున్నాయా? అవ్వట్లేదంటే అది టెక్స్ట్ కాదు, బొమ్మ. ఫ్లెక్సీ డిజైన్ చేసినట్టు చేసి సైట్‌లో అతికించారు. బొమ్మలో ఉన్న అక్షరాల మీద ఆధారపడొద్దు, ముఖ్యమైన విషయాలు మామూలు టెక్స్ట్‌గా పెట్టమని గూగుల్ చెప్తుంది. బొమ్మ ఉండొచ్చు. కానీ ఆ సమాచారం కింద టెక్స్ట్‌లో కూడా ఉండాలి. బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ ఒక లైన్ రాయాలి. కళ్లు కనపడనివాళ్ల ఫోన్ చదివి వినిపించేది కూడా ఆ లైన్‌నే, అది ఇంకో లాభం.

మన తెలుగు వాళ్లకి స్పెషల్‌గా ఇంకో సమస్య ఉంది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్స్‌లో టైప్ చేసిన పాత మ్యాటర్. ప్రింట్‌కి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అది యూనికోడ్ కాదు. దాన్ని అలాగే తెచ్చి సైట్‌లో పేస్ట్ చేస్తే, లోపల ఉండేది తెలుగు అక్షరాలు కాదు, వేరే ఏవో గుర్తులు. ఆ ఫాంట్ ఉంటేనే మన కంటికి తెలుగులా కనపడతాయి. గూగుల్‌కి అది అర్థం లేని చెత్త. మీ పాత బ్రోచర్లు, దేవస్థానం కరపత్రాలు, మీ తాతగారు రాసిన పుస్తకం, ఏదైనా సరే యూనికోడ్‌లోకి మారిస్తేనే సెర్చ్‌లో దొరుకుతుంది. ఫోన్ కీబోర్డ్‌లో మీరు టైప్ చేసే తెలుగు యూనికోడే, దానికి భయం లేదు.

తర్వాత టైటిల్. రిజల్ట్స్‌లో పెద్ద అక్షరాలతో నీలం రంగులో కనపడే లైన్ ఎక్కువగా దీంట్లోంచే వస్తుంది. చాలా చిన్న సైట్లలో ప్రతి పేజీకీ "హోమ్" అనో "వెల్‌కమ్" అనో ఉంటుంది. కొట్టుకి బోర్డు పెట్టి దాని మీద "కొట్టు" అని రాసినట్టు. "ఆత్రేయపురం బెల్లం పూతరేకులు, హైదరాబాద్‌కి కొరియర్" అని రాస్తే గూగుల్‌కీ అర్థమవుతుంది, మనిషికీ అర్థమవుతుంది. ప్రతి పేజీకీ వేరే టైటిల్ ఉండాలి. దాని కింద వచ్చే రెండు లైన్ల డిస్క్రిప్షన్ ర్యాంక్‌ని పెంచదు, కానీ చదివి నొక్కాలనిపించేలా చేస్తుంది. ఇంక మెటా కీవర్డ్స్ అని వంద మాటలు నింపి బిల్లు వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెబ్ ర్యాంకింగ్‌కి ఆ ట్యాగ్ వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. అంటే మీలో కొంతమంది ఎల్‌కేజీలో ఉన్నప్పటి మాట అన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. జనం ఏమని వెతుకుతున్నారు? పూతరేకులు అనే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు డబుల్ ఓ పెట్టి రాస్తారు, ఒకరు యూ పెడతారు. ఒకరు టీ, ఇంకొకరు టీహెచ్. కొంతమంది తెలుగులో టైప్ చేస్తారు, కొంతమంది మైక్ నొక్కి మాట్లాడతారు. ఈ స్పెల్లింగులన్నీ పేజీ నిండా కుక్కమని చెప్పేవాళ్లుంటారు. వద్దు. దాన్ని కీవర్డ్ స్టఫింగ్ అంటారు, గూగుల్ లెక్కలో స్పామ్. స్పెల్లింగ్ తేడాలు గూగుల్ చాలావరకు తానే సర్దుకుంటుంది. మీరు చేయాల్సింది, సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరవడం. ఏ మాటలు కొట్టినప్పుడు మీ సైట్ కనిపించింది, ఎన్ని క్లిక్కులు వచ్చాయి, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ ఉంటాయి. 16 నెలల డేటా వరకు చూసుకోవచ్చు. ఊహించాల్సిన పనే లేదు.

ఆ మాటల వెనక ఉన్న అవసరాన్ని చూడండి. "పూతరేకులు ఎలా చేస్తారు" అని వెతికేవాడు కొనడానికి రాలేదు, తెలుసుకోవడానికి వచ్చాడు. "పూతరేకులు ఆన్‌లైన్ ఆర్డర్" అన్నవాడి చేతిలో డబ్బు ఉంది. ఇద్దరికీ ఒకే పేజీ చూపిస్తే ఇద్దరూ వెళ్లిపోతారు. ఒక్కో అవసరానికి ఒక్కో పేజీ పెట్టండి. ఆర్డర్ పేజీలో డబ్బాకి ఎన్ని వస్తాయి, ఎన్ని రోజులు నిలవ ఉంటాయి, బెంగళూరుకి ఎన్నాళ్లలో చేరతాయి, దారిలో విరిగిపోతే ఏం చేస్తారు, ఇవి రాయండి. తయారీ పేజీలో, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డ దాని మీద పరిచి రేకు తీసే పని మీ కొట్టు దగ్గర ఫోన్‌లోనే వీడియో తీసి పెట్టండి. రేకు చిరిగిపోకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలో మీ అత్తయ్యకి తెలుసు. ఏ ఏజెన్సీకీ తెలియదు. ఆ మాటలు ఆవిడ నోటితో చెప్పించి రాయండి. మీ సైట్‌కి ఉన్న బలం అదే.

ఇక్కడే ఏఐ గురించి ఒక మాట. "ఒక్క రాత్రిలో 500 ఆర్టికల్స్ జనరేట్ చేసి పడేద్దాం బ్రో" అనే ఐడియా మీకు వచ్చే ఉంటుంది. ఏఐ వాడటం తప్పని గూగుల్ అనట్లేదు. కానీ ఎవరికీ ఉపయోగపడని పేజీలు ర్యాంక్ కోసం కుప్పలుగా తయారు చేస్తే, మనిషి రాసినా మెషీన్ రాసినా అది స్పామ్ అని 2024 మార్చిలో పాలసీ మార్చి మరీ రాసింది. 500 పేజీలకన్నా అత్తయ్య చెప్పిన ఒక్క పేజీ మేలు.

కొట్టుకి జనం నేరుగా వచ్చే బిజినెస్ అయితే, వెబ్‌సైట్ కన్నా ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చూడండి. మ్యాప్‌లో కనపడే కార్డ్ అదే. అది కూడా ఫ్రీ. లోకల్ రిజల్ట్స్‌కి మూడు విషయాలు చూస్తామని గూగుల్ చెప్తుంది. వెతికినదానికి మీ షాపు సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరాన్ని మనం మార్చలేం. మిగతావి మన చేతిలో ఉన్నాయి. సరైన కేటగిరీ, తెరిచే వేళలు, నిజం ఫోటోలు, రివ్యూలకి జవాబులు. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లో ఉండాలి. పేరు పక్కన "బెస్ట్ పూతరేకులు నంబర్ వన్ స్వీట్స్" అని తోక తగిలించడం రూల్స్‌కి విరుద్ధం. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడం కూడా అంతే. ఫేక్ రివ్యూలు కొంటే ప్రొఫైల్‌కే ఎసరు.

స్పీడ్ సంగతి. గూగుల్ ఇప్పుడు మీ సైట్ మొబైల్ వెర్షన్‌నే చూసి ఇండెక్స్ చేస్తుంది. ఆఫీసులో పెద్ద మానిటర్ మీద డెవలపర్ చూపించిన అందం లెక్కలోకి రాదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఫ్రీ టూల్‌లో అడ్రస్ కొట్టండి. మూడు నంబర్లు చూడండి. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి. బటన్ నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. మూడోది, చదువుతుంటే పేజీ కిందికీ మీదికీ గెంతకూడదు, ఆ స్కోరు 0.1 దాటకూడదు. కోడ్ రాసే ఉద్యోగం చేసిన అనుభవంతో చెప్తున్నా, చిన్న సైట్లలో ముందు అనుమానించాల్సింది కెమెరాలోంచి తీసి అలాగే ఎక్కించిన పెద్ద పెద్ద ఫోటోల్నే. ఫోటో సైజ్ తగ్గించి ఎక్కిస్తే సగం పని అయిపోతుంది. అలాగని స్పీడ్ ఒక్కటే ఉంటే ర్యాంక్ రాదు. చెప్పేది లేని పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటే ఏం లాభం?

ఇంక బ్యాక్‌లింకులు. "5,000 బ్యాక్‌లింక్స్ ప్యాకేజీ" అని అమ్ముతుంటారు కదా, దాని కథ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ గురించి పేపర్ రాశారు. అందులో పేజ్‌ర్యాంక్ అనే ఐడియా ఉంది. ఒక పేజీకి వేరే పేజీలు లింక్ ఇస్తే అది ఓటు లాంటిది, పేరున్న పేజీ ఇచ్చిన ఓటుకి విలువ ఎక్కువ. బాగుంది. కానీ ఓటుకి విలువ ఉంటే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ఓట్లు కొనడం మొదలైంది.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం వేసింది. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద రిటైల్ కంపెనీ, పండగ సీజన్‌లో దుస్తుల నుంచి దుప్పట్ల దాకా ఎన్నో సెర్చ్‌లలో టాప్‌లో ఉంది. కారణం, సంబంధం లేని వేల సైట్లలో దానికి లింకులు ఉండటం. విషయం తెలిశాక గూగుల్ చర్య తీసుకుంది. ఒక బ్రాండ్ సూట్‌కేస్ సెర్చ్‌లో నంబర్ వన్‌గా ఉన్న సైట్ రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. ఆ లింకుల సంగతి మాకు తెలియదని కంపెనీ చెప్పింది, తన ఎస్ఈఓ సంస్థని తీసేసింది. తర్వాత ఏడాది, 2012 ఏప్రిల్‌లో, ఇలాంటి దొంగ లింకుల మీద గూగుల్ పెంగ్విన్ అనే అప్‌డేట్ తెచ్చింది. అంత పెద్ద కంపెనీ అయితే తట్టుకుని లేస్తుంది. మామయ్య కొట్టుకి దసరా, దీపావళి, సంక్రాంతి ఈ మూడు సీజన్లలో ఒకటి పోతే ఆ ఏడాదంతా దెబ్బే. లింకులు కొన్నది ఏజెన్సీ, పడిపోయేది మాత్రం మీ సైట్.

మరి నిజమైన లింకులు ఎలా వస్తాయి? తయారీ వీడియో చూసి ఒక ఫుడ్ బ్లాగర్ రాస్తే వస్తుంది. ఒక పేపర్ వెబ్‌సైట్ ఆత్రేయపురం మీద స్టోరీ చేస్తే వస్తుంది. మీ సరుకు అమ్మే షాపు వాళ్ల సైట్‌లో మీ పేరు పెడితే వస్తుంది. నెమ్మదిగానే వస్తాయి. అయినా పర్వాలేదు.

ఇప్పుడు గ్యారంటీ వెనక ఉన్న ట్రిక్ చెప్తాను. 30 రోజుల తర్వాత ఏజెన్సీ నిజంగానే స్క్రీన్‌షాట్ పంపుతుంది, మీరు ఫస్ట్ పేజీలో ఉన్నారు అని. ఏ మాట కొట్టారో చూడండి. మీ షాపు పూర్తి పేరు, ఊరు పేరుతో సహా. ఆ పేరుతో ప్రపంచంలో ఉన్న షాపు మీదొక్కటే అయితే ఫస్ట్ రాక ఏం చేస్తుంది? లేదా జన్మలో ఎవరూ వెతకని ఎనిమిది మాటల వాక్యం. రెండోది, మీ ఫోన్‌లోనే కొట్టి చూపిస్తారు. రిజల్ట్స్ మీరున్న చోటుని బట్టి, ముందు వెతికినవాటిని బట్టి మారొచ్చు. కొట్లో కూర్చుని కొడితే కొట్టు పైన కనపడటంలో వింత లేదు. కాబట్టి స్క్రీన్‌షాట్ వద్దు, సెర్చ్ కన్సోల్‌లో మీ షాపు పేరు లేని సెర్చ్‌ల నుంచి ఎన్ని క్లిక్కులు పెరిగాయో చూపించమనండి. అక్కడ నీళ్లు నమిలితే విషయం అర్థమైపోతుంది.

అలాగని ఎస్ఈఓ చేసేవాళ్లందరూ మోసగాళ్లని నేను అనట్లేదు. నిజాయితీగా పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ వీడియో చూసేవాళ్లలో ఆ ఉద్యోగం చేసేవాళ్లూ ఉంటారు. మంచివాళ్లు ముందు మీ బిజినెస్ గురించి అడుగుతారు, ఏం మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో రాసి ఇస్తారు, టైమ్ పడుతుందని ముందే చెప్తారు. మార్పులు చేసి ఫలితం కనపడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే అంటోంది.

కానీ ఎంత మంచివాళ్లకి ఇచ్చినా, తాళాలు మాత్రం మీ దగ్గరే ఉండాలి. ఇది ఈ ఎపిసోడ్ మొత్తంలో ముఖ్యమైన మాట. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ అకౌంట్‌లో కొనండి. చాలా చిన్న వ్యాపారాల డొమైన్ సైట్ చేసినవాడి అకౌంట్‌లో ఉంటుంది. రేపు వాడితో గొడవైతేనో, వాడు నంబర్ మార్చేస్తేనో, రెన్యూవల్ కట్టడానికి కూడా మీకు దారి ఉండదు. ఏళ్ల తరబడి సంపాదించిన ర్యాంక్, కస్టమర్లకి గుర్తున్న అడ్రస్ రెండూ పోతాయి. పాంప్లెట్ల మీద, డబ్బాల మీద అచ్చేసిన పేరు వేరేవాడి చేతిలో ఉంటుంది. సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ మీరే ఉండండి, పని చేసేవాళ్లని ఫుల్ యూజర్‌గా చేర్చండి. బిజినెస్ ప్రొఫైల్‌లో మీరు ఓనర్, వాళ్లు మేనేజర్. పని అయిపోయాక తీసేయొచ్చు. పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపాల్సిన అవసరం ఎక్కడా లేదు.

సరే ఫ్రెండ్స్, ఈ వారం చేయాల్సిన పని చెప్పేస్తా. ఈ రోజు సైట్ కోలన్ టెస్ట్. రేపు సెర్చ్ కన్సోల్ వెరిఫికేషన్. ఎల్లుండి ప్రతి పేజీ టైటిల్ చదివి మార్చడం, బొమ్మల్లో ఉన్న మ్యాటర్‌ని టెక్స్ట్ చేయడం. ఆదివారం ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు డొమైన్ ఎవరి అకౌంట్‌లో ఉందో కనుక్కోండి. మీది కాకపోతే, సైట్ చేసినవాళ్లతో సంబంధాలు బాగున్నప్పుడే, మర్యాదగా అడిగి మీ అకౌంట్‌లోకి మార్పించుకోండి.

మీ టెస్ట్‌లో ఏం బయటపడిందో కామెంట్‌లో రాయండి. కానీ పాస్‌వర్డ్‌లు, ఫోన్ నంబర్లు మాత్రం పెట్టకండి బాబూ. ఇంట్లో షాపు ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ లింక్ ఇప్పుడే పంపండి, ఏజెన్సీకి నెల డబ్బులు కట్టకముందే చూస్తాడు. వచ్చే ఎపిసోడ్‌లో సెర్చ్ కన్సోల్ రిపోర్ట్‌ని లైన్ బై లైన్ చదవడం నేర్చుకుందాం.